మార్చిలో మ్యూజిక్ పీరియడ్ ఉంటుందా?

ఎండాకాలం సెలవులు మొదలవుతాయో లేదో, వనస్థలిపురంలో కరెంటు స్తంభాలన్నీ స్కూళ్ల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. సుష్మా థియేటర్ దగ్గర్నుంచి రైతుబజారు దాకా, అటు సాహెబ్‌నగర్, ఇటు బీఎన్ రెడ్డి నగర్ రోడ్డు దాకా ఎక్కడ చూసినా ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, డిజిటల్ క్లాస్‌రూమ్. కింద ఓ మూల చిన్న ఫొటో మాత్రం తప్పకుండా ఉంటుంది. కీబోర్డు మీద వేళ్లు పెట్టి నవ్వుతున్న పాప. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఆ గది కూడా చూపిస్తారు. గోడకు గిటారు, పక్కన డ్రమ్స్, అద్దాల బీరువాలో హార్మోనియం. మనం ముచ్చటపడి ఫీజు కట్టి వచ్చేస్తాం. ఆ గది తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తారని అడగం.

అడగండి. అయితే "మ్యూజిక్ ఉందా?" అని అడిగితే లాభం లేదు. "ఉందండీ" అంటారు. ఏ స్కూల్లో అడిగినా ఉందనే అంటారు. వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ టీచర్ చెబుతారు, ఆ టీచర్ ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు, టైంటేబుల్ ఒకసారి చూపిస్తారా అని అడగండి. చివర్లో మెల్లిగా ఇంకొకటి: మార్చిలో కూడా ఈ పీరియడ్ ఉంటుందా? జవాబు చెప్పే ముందు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే మీకు విషయం అర్థమైనట్టే.

ఎందుకంటే మన స్కూళ్లలో సంగీతానికి ఒక సీజన్ ఉంది. జూన్, జూలైల్లో పీరియడ్ నడుస్తుంది. ఆగస్టు 15కి దేశభక్తి గీతం, సెప్టెంబరు 5కి గురువుల మీద పాట, దసరా సెలవుల ముందు బతుకమ్మ, నవంబరు 14కి ఇంకోటి. ఇక డిసెంబరు నుంచి యాన్యువల్ డే హడావిడి. అప్పుడు మ్యూజిక్ టీచర్ కోసం స్కూలంతా వెతుకుతుంది. స్టేజి దిగిన మర్నాడు ఆ పీరియడ్ లెక్కల సార్‌కి వెళ్లిపోతుంది, సిలబస్ పూర్తి కావాలి కదా! ఏప్రిల్‌లో ఆఖరి పనిదినం దాకా మళ్లీ ఆ గది తలుపు తెరుచుకోదు.

మా కాలనీలో ఒక మ్యూజిక్ టీచర్ ఉన్నారు. పేరు రాయను, ఆవిడ ఉద్యోగానికి మంచిది కాదు. ప్రభుత్వ సంగీత కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, దాని మీద రెండేళ్ల డిప్లొమా చేశారు. పొద్దున ఒక స్కూల్లో, మధ్యాహ్నం ఇంకో స్కూల్లో చెబుతారు. మధ్యలో భోజనం బస్టాపులోనే. ఆరో తరగతికి ఆవిడ పాఠం చెప్పడం ఒకరోజు చూశాను. నలభై నిమిషాల పీరియడ్‌లో పిల్లలు కింది అంతస్తు నుంచి వచ్చి బాసిపట్లు వేసుకుని కూర్చునేసరికి ఎనిమిది నిమిషాలు పోయాయి. బీరువాలో హార్మోనియం ఉంది గానీ తాళంచెవి ఆఫీసులో ఉంది. ఆవిడ సెల్‌ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, ఫోన్ని ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టారు. నాదం కాస్త పెద్దగా వినబడుతుందని. తన గొంతుకు హాయిగా ఉండే శ్రుతిలో పాడితే మగపిల్లల్లో కొందరికి అందదు, గొంతు మారే వయసు. బాగా తగ్గిస్తే ఆడపిల్లలకు కింది స్వరాలు పలకవు. అటూ ఇటూ రెండుసార్లు మార్చి ఒకచోట సర్దారు.

తర్వాత ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు. మొత్తం ఎనిమిది. చెబితే ఇంతే. చేసేటప్పుడు మాత్రం చెయ్యి లెక్కపెడుతుంటే నోరు ఆగిపోతుంది, నోరు పాడుతుంటే చెయ్యి ఆగిపోతుంది. మొదటి సరళీస్వరం మొదటి కాలంలో ఎలాగో దారికొచ్చింది. రెండో కాలంలో నోటికి వేగం రెట్టింపు, చేతికి మాత్రం అదే నడక. సగం మంది పిల్లలు చేతిని కూడా నోటితో పాటు పరుగెత్తించేశారు. ఆవిడ కోప్పడలేదు. పాట ఆపించి, ఉత్త తాళం మాత్రమే వేయించారు. మళ్లీ పాడించారు. మళ్లీ ఆపారు. వెనక వరసలో ఒక పిల్లాడు మూడోసారికి పట్టుకున్నాడు, పట్టుకున్నానని తనకే తెలిసిపోయి పక్కవాడి చేతిని కూడా పట్టుకుని ఆపడం మొదలుపెట్టాడు. అంతలో బెల్లు కొట్టారు.

ఈ పాఠాలు సుమారు ఐదు వందల ఏళ్ల కిందట పురందరదాసు మాయామాళవగౌళలో కూర్చినవని సంప్రదాయం చెబుతుంది. ఐదు వందల ఏళ్లు నిలిచినవి మన స్కూల్లో నెలకు నాలుగు పీరియడ్లు నిలబడలేకపోతున్నాయి. ఆ నాలుగింట్లో ఒకటి స్లిప్ టెస్టుకి, ఒకటి ఏదో ఒక సెలవుకి పోతాయి. పైగా వేరే టీచర్ రాకపోతే ఆ క్లాసులో కూర్చోవడానికి మొదట పిలిచేది మ్యూజిక్ టీచర్నే. ఆవిడ పీరియడ్ వేరేవాళ్లకిస్తారు, ఆవిడ ఖాళీ పీరియడూ వేరేవాళ్లదే. జీతం నేను అడగలేదు. సైన్స్ టీచర్ జీతంలో సగమనీ, మే నెలలో అదీ ఉండదనీ ఆవిడే నవ్వుతూ అన్నారు.

ఇదంతా స్కూలువాళ్ల తప్పేనని చేతులు దులుపుకోవడం మనకు తేలిక. కరస్పాండెంట్ల మాట వేరుగా ఉంటుంది. "పేరెంట్స్ ఎవరూ అడగరండీ. లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే ఇరవై ఫోన్లు వస్తాయి. మ్యూజిక్ పీరియడ్ తీసేస్తే ఒక్క ఫోనూ రాదు" అంటారు. వాళ్లన్నది అబద్ధం కాదు.

కాబట్టి ఫోన్ చేయడానికి మనకున్న ఆధారాలేమిటో చూద్దాం. చట్టం మన పక్షాన, మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, పిల్లలు వందమందికి మించితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. (పార్ట్‌టైమ్ అని చట్టమే రాసిందంటే, సగం జీతం ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలుస్తూనే ఉంది.) సీబీఎస్ఈ 2019లో ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా కళావిద్యకు వారానికి కనీసం రెండు పీరియడ్లు ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశం, సహపాఠ్యాంశం అన్న గోడలే వద్దంది. ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాన్సురి', ఆరో తరగతికి 'కృతి' అని కళలకు విడిగా పాఠ్యపుస్తకాలు కూడా వేసింది. మీ పిల్లలది సీబీఎస్ఈ స్కూలైతే ఈ పుస్తకం బ్యాగులో ఉందో లేదో చూడండి. ఉంటే, ఎన్నో పేజీ దాకా అయిందో అడగండి.

స్టేట్ సిలబస్ అయితే ప్రోగ్రెస్ కార్డు తీయండి. కళలు, సాంస్కృతిక విద్య అనే వరస ఒకటి ఉంటుంది. దాని పక్కన ఒక గ్రేడు. చాలా కార్డుల్లో అది 'ఎ'. ఆ గ్రేడు ఎవరు వేశారు, మా వాడు ఏం పాడితే విని వేశారు అని మర్యాదగా అడిగి చూడండి. గొడవకి కాదు. జవాబు కోసం వాళ్లు వెతుక్కోవాల్సి వస్తే, వచ్చేసారి వెతుక్కోకుండా ఉండే ఏర్పాటు చేస్తారు.

ప్రభుత్వం నడిపే కొన్ని బడులు ఈ విషయంలో మన ప్రైవేటు స్కూళ్ల కంటే ముందున్నాయి. నవోదయల్లో మ్యూజిక్ టీచర్ పోస్టు మామూలుగానే ఉంటుంది. కేంద్రీయ విద్యాలయాలు 2022లో ప్రైమరీ టీచర్ల నియామకానికి ప్రకటన ఇచ్చినప్పుడు 6,414 మామూలు పోస్టులతో పాటు 303 మ్యూజిక్ పోస్టులు విడిగా చూపించాయి. తెలంగాణ గురుకులాల 2023 ప్రకటనల్లోనూ మ్యూజిక్ టీచర్ పోస్టులు నూటికి పైగా ఉన్నాయి. రెగ్యులర్ ఉద్యోగం, స్కేలు జీతం. వేలకు వేలు ఫీజు కట్టించుకునే స్కూలు ఆ మాత్రం చేయలేదా? ఫీజుల రూపంలో వచ్చిన దాంట్లో సగం సిబ్బంది జీతాలకే పోవాలని 1994 నాటి జీవో 1 చెబుతూనే ఉంది.

మామూలు ప్రభుత్వ బడి సంగతి వేరు. అక్కడ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. మరుగుదొడ్లు, తాగునీళ్లు, కరెంటు పనుల తర్వాత ఆ కమిటీ మాట్లాడాల్సిన విషయాల్లో ఇదీ ఒకటి. ఆ బడి పిల్లలకు బయట ట్యూషన్ పెట్టించుకునే స్తోమత ఉండదు. బడిలో వినబడకపోతే వాళ్లకు సంగీతం ఇక ఎక్కడా చెప్పేవారు లేరు. అందుకే నా లెక్కలో మ్యూజిక్ టీచర్ ముందుగా కావలసింది అక్కడే.

ఒక హెచ్చరిక. స్కూలుతో మాట్లాడేటప్పుడు "సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయట కదా" అని మొదలుపెట్టకండి. వాట్సాప్‌లో తిరిగే మాట అది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు లక్షా పన్నెండు వేల మందికి పైగా విద్యార్థుల మార్కులు పరిశీలించి, స్కూల్లో సంగీతం తీసుకున్న పిల్లలకు లెక్కలు, సైన్స్, ఇంగ్లిషుల్లో మార్కులు మెరుగ్గా ఉన్నాయని 2019లో చెప్పిన మాట నిజమే. మరుసటి ఏడాదే సాలా, గోబె అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన 54 అధ్యయనాలను కలిపి చూసి, పద్ధతిగా చేసిన ప్రయోగాల్లో సంగీత శిక్షణ వల్ల తెలివి, మార్కులు పెరిగిన దాఖలా దాదాపు లేదన్నారు. సంగీతం తీసుకునే ఇళ్లలో చదువు మీద శ్రద్ధ ముందే ఉండొచ్చు, మార్కులు దానివల్లే రావచ్చు. ఈ తగువు వాళ్లు తేల్చుకుంటారు. మనకొచ్చే చిక్కల్లా ఏమిటంటే, లెక్కల కోసం సంగీతం అని మనమే అంటే, "అయితే ఆ పీరియడ్ నేరుగా లెక్కలకే ఇచ్చేద్దాం" అని కరస్పాండెంట్ అంటాడు. అప్పుడు మన దగ్గర జవాబుండదు.

సంగీతాన్ని సంగీతం కోసమే అడగండి. నలభై మంది పిల్లలు ఒక శ్రుతిలో నిలబడాలంటే ప్రతివాడూ పక్కవాణ్ని వినాలి. తాను అందుకోవాల్సిన చోటు వచ్చేదాకా ఆగాలి. ర్యాంకులు లేని పీరియడ్ రోజు మొత్తంలో అదొక్కటే. స్లిప్ టెస్టులో ఎప్పుడూ ఆఖర్న ఉండే పిల్లాడు తాళంలో అందరికంటే ముందు కుదురుకుంటే, ఆ రోజు వాడు ఇంటికి వచ్చే నడకే వేరుగా ఉంటుంది. మార్కుల కాగితం ఈ సంగతి చెప్పదు. మనం చూస్తే తెలుస్తుంది.

సంగీతం నేర్పించే పని మన తెలుగువాళ్లు ఒకప్పుడు ఊరు ఊరంతా కలిసి చేశారు. విజయనగరంలో 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు సంగీత పాఠశాల పెట్టారు. తన కొలువులోని ఒక ఉద్యోగికి కళ్లు లేని కొడుకు ఉంటే, ఆ కుర్రవాడి సంగీతం కోసమే పెట్టారని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపల్. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపల్ కూడా అయ్యారు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం విజయనగరానికే వెళ్లారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు పైసా తీసుకోకుండా సంగీతం చెప్పారు. భోజనం మాత్రం మధుకరం. అంటే జోలె పట్టి ఇంటింటికీ వెళితే గృహిణులు పెట్టిన అన్నం.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ శిష్యుడి కష్టం గురించే మాట్లాడతారు. నాకు ఆ ఇళ్లవాళ్లు గుర్తొస్తారు. వాళ్లకు సంగీతం వచ్చో రాదో. తమ పిల్లలు ఆ పాఠశాలలో లేకపోయినా, పాట నేర్చుకునేవాడు ఊళ్లో ఆకలితో ఉండకూడదని మాత్రం తెలుసు. ఇప్పుడు జోలె పట్టే శిష్యుడు లేడు. ఏడాదిలో ఒక నెల జీతం లేని టీచర్ ఉన్నారు. ఆ ఇళ్ల స్థానంలో ఉన్నది మనమే.

ఏం చేయవచ్చు? ఒక్కరే వెళ్లకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇలాంటి ఆసక్తి ఉన్నవాళ్లు నలుగురైదుగురు తప్పక దొరుకుతారు. వెళ్లేది జూన్, జూలైల్లో వెళ్లండి. డిసెంబరులో వెళితే యాన్యువల్ డే గురించి వచ్చారనుకుంటారు, జనవరిలో వినే ఓపిక ఎవరికీ ఉండదు. నోటిమాటగా కాక ఒక పేజీ కాగితం రాసివ్వండి. అందులో పది కోరికలు రాయకండి. వారానికి రెండు పీరియడ్లు, అవి వేరే సబ్జెక్టుకి మారకూడదు, టీచర్‌కి పన్నెండు నెలల జీతం. ఈ మూడూ చాలు. "అయితే మ్యూజిక్‌కి విడిగా ఫీజు పెడతాం" అంటే ఒప్పుకోకండి. అప్పుడది డబ్బు కట్టిన పదిమంది పిల్లల ట్యూషన్ అయిపోతుంది, మిగతా ముప్పై మంది అదే టైంలో స్టడీ అవర్‌లో కూర్చుంటారు.

టీచర్ని ఇందులోకి లాగకండి. "మా మేడమ్ చెప్పారు, జీతం తక్కువట" అన్న మాట మీ నోట రాకూడదు. అలా వస్తే వచ్చే జూన్‌కి ఆవిడ ఉండరు. దానికి బదులు ఆవిడ గురించి మంచి రాసివ్వండి. మా పాప ఈ ఏడాది తాళం తప్పకుండా నాలుగు సరళీస్వరాలు పాడుతోంది, ఫలానా టీచర్‌కి కృతజ్ఞతలు అని రెండు వాక్యాలు ప్రిన్సిపల్ పేరున రాస్తే, అది ఆవిడ ఫైల్లో ఉంటుంది. లెక్కల టీచర్‌కి ఫలితాలు సాక్ష్యం. మ్యూజిక్ టీచర్‌కి మన ఉత్తరం తప్ప వేరే సాక్ష్యం లేదు.

యాన్యువల్ డే గురించి కూడా ఒక మాట. సినిమా పాట ట్రాక్ పెట్టి పెదాలు కదిపించే కార్యక్రమం ఎన్ని ఉన్నా, ఒక్క పాట మాత్రం పిల్లలు సొంత గొంతుతో పాడేలా చూడమని అడగండి. 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్ర గీతమైంది. ప్రతి స్కూల్లో వినబడుతోంది. ఎక్కువగా స్పీకర్లోంచే. అందెశ్రీ రాసిన ఆ పాటను ఒక క్లాసు పిల్లలంతా శ్రుతి తప్పకుండా పాడాలంటే ఎన్ని పీరియడ్లు పడుతుందో టీచర్నే అడిగి, ఆ పీరియడ్లు ఇప్పించండి. బతుకమ్మ కూడా అంతే. డీజే బాక్సు పక్కన పెట్టి, ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ నోటితో పాడితే చాలు. సంగీతం అంటే కర్ణాటకమే అని కూడా పట్టుపట్టకండి. జానపదం, లలిత సంగీతం, డప్పు, ఏదైనా నేర్పేవాళ్లు పద్ధతిగా నేర్పితే అది పాఠమే.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తక్కువ. బంధువులు రాగానే "ఏదీ, ఒక పాట పాడు" అని పిల్లని నిలబెట్టకండి. 'పాడుతా తీయగా'లో పాడే పిల్లలతో పోల్చకండి. మూడు నెలలకే "ఒక్క పాటా రాలేదేంటి మేడమ్" అని టీచర్ని అడగకండి. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు దాటితేగానీ గీతం రాదు, వారానికి ఒకటి రెండు పీరియడ్లతో అది ఏడాది పని. "పాటలు కూడు పెడతాయా" అన్న మాట సరదాకైనా పిల్లల ముందు అనకండి. ఆ మాట విన్న పిల్లలు మర్నాడు ఆ టీచర్ క్లాసులో ఎలా కూర్చుంటారో ఊహించండి.

వినడానికి తీసుకెళ్లండి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ దిగి రవీంద్రభారతికి నడవొచ్చు. ఎంజీబీఎస్‌లో మారితే చిక్కడపల్లి, త్యాగరాయ గానసభ. చాలా కార్యక్రమాలకు టికెట్ ఉండదు. పిల్లల్లో ఆసక్తి గట్టిపడితే రాంకోఠిలో 1952 నుంచి త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, తక్కువ ఫీజుతో పద్ధతిగా నేర్పుతారు. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు కేంద్రం 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది, గాత్రానికీ వాద్యాలకూ విడివిడి విభాగాలున్నాయి. మీ స్కూలు ఎవరినైనా పంపుతోందా అని అడగండి. పంపిందంటే అక్కడ మ్యూజిక్ టీచర్ విలువ ఒక మెట్టు పెరిగినట్టే.

స్కూల్లో పేరెంట్-టీచర్ మీటింగ్ (పీటీఎం) ఉంటుంది కదా. హాల్లో టేబుళ్లు వేసి సబ్జెక్టుల పేర్లు రాసి పెడతారు. లెక్కల సార్ ముందు, ఫిజిక్స్ మేడమ్ ముందు క్యూలు ఉంటాయి. మ్యూజిక్ టీచర్ గేటు దగ్గర సంతకాలు పెట్టించుకుంటూనో, మంచినీళ్లు అందిస్తూనో కనబడతారు. వారికీ ఒక టేబుల్, ఒక కుర్చీ వేయమని ప్రిన్సిపల్‌ని అడగండి. వేశాక వెళ్లి ఎదురుగా కూర్చుని, మీ పిల్లల గురించి ఐదు నిమిషాలు మాట్లాడి రండి.